వెనక బెంచీ వాణ్ని ఎవరడిగారు?

మన బడుల్లో లెక్కపెట్టనిదంటూ లేదు. ఎఫ్‌ఏ-1 పరీక్ష నుంచి మార్కులన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కాలి. మధ్యాహ్న భోజనం ఎందరు తిన్నారు, ఎన్ని గుడ్లు పెట్టారు, అన్నీ పైకి పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే టీచర్లచేత మరుగుదొడ్ల ఫోటోలు తీయించి యాప్‌లో పెట్టించారు. ఆపాటి విచారణకైనా పిల్లాడి మనసు నోచుకోలేదా?

పిల్లల మనసు అడగడం బ్రహ్మవిద్యేం కాదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ప్రశ్నావళి ఒకటి అమెరికాలో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల్ని ఏళ్ల తరబడి అడుగుతోంది. క్లాసులో మాట్లాడే అవకాశం వస్తోందా? నువ్వు బాగా చేస్తే టీచరు గమనించి నీతో చెబుతున్నారా? జవాబులు నాలుగే: కానే కాదు, కాదు, అవును, ముమ్మాటికీ అవును. పేరు రాయక్కర్లేదు. బడితో ముడిపడ్డ పిల్లలు మత్తుకూ కొట్లాటలకూ దూరంగా ఉంటారన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ 'కానే కాదు' దగ్గర ఎందరు టిక్కు పెట్టారో చూస్తే చాలు, బడి సంగతి తేలిపోతుంది.

మన దగ్గరా అడక్కపోలేదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ దేశమంతటా 3.79 లక్షల మంది విద్యార్థుల మనసు అడిగింది. ఆందోళన దేనికంటే నూటికి 80 మంది దాకా చదువు, పరీక్షలు, ఫలితాలు అన్నారు. నివేదిక వచ్చింది. సరే, ఏ మండలంలో ఏ హెడ్మాస్టరు చేతికి తన బడి పిల్లల జవాబులు అందాయి?

ఒక బడిలో కళ్లారా చూశాను. ఇలాంటి ఫారాలే పంచి, "అన్నిటికీ అవును అని పెట్టండ్రా, త్వరగా" అన్నారు సారు. పెట్టారు. ఆ బడి నూటికి నూరుపాళ్లు ఆనందంగా ఉందని పైన రాసుకునే ఉంటారు. ఆ సారుని తిట్టబుద్ధి కాలేదు, ఆయన్ని మాత్రం ఎవరడిగారు గనక!

ఇక కార్పొరేట్ కాలేజీలు. ఫలితాల రోజున టీవీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు అని కేకలు. ఫ్లెక్సీ ఎక్కని వందలమంది అక్కడ ఫీజు రసీదు మీదే కనబడతారు. మార్కు తగ్గితే సెక్షను మారుతుంది. ఎవడో ఒకడు ప్రాణం తీసుకున్నాకే కౌన్సెలర్ మాట వినబడుతుంది. అంతదాకా వాడి పేరు ఎంతమంది లెక్చరర్లకు తెలుసు?

ఏడాదికి రెండుసార్లు, పేరు లేకుండా, టీచరు గదిలో లేనప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. వచ్చిన జవాబుల్ని తల్లిదండ్రుల సమావేశంలో పైకి చదవండి. ఖర్చు కొన్ని తెల్లకాగితాలు. వినే ధైర్యం లేదంటారా, ఆ ముక్కయినా పిల్లల ముందు నిలబడి చెప్పండి.