కుటుంబ బలిపీఠము: చెప్పకుండా మారిన దారి



వరంగల్ నుండి ఖమ్మం పోయే రోడ్డు మీద మామునూరు పాత విమానాశ్రయమును మీలో చాలామంది చూసియుంటారు. నిజాం ప్రభుత్వ కాలములో 1930లో కట్టినది. 1981 వరకు అక్కడ విమానాలు దిగేవి. దానిని తిరిగి బాగుచేయుటకు 2025లో కేంద్ర ప్రభుత్వము అనుమతి ఇచ్చినది. ఆ రోడ్డు మీదుండే ఒక గ్రామములో మా సంఘ విశ్వాసి ఒకరున్నారు. పత్తి రైతు. ఆయన ఒక ఆదివారము ఆరాధన తరువాత మా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, మా పిలగాడు రాత్రంతా కంప్యూటరు ముందర కూసుండి విమానం నడుపుతడు. ఆదివారం పొద్దున లేవడు. మీరన్నా ఒక మాట చెప్పుండ్రి” అని కంటతడి పెట్టుకున్నారు. ఆ తండ్రి, ఆ కుమారుడు ఒప్పుకున్నందున పేర్లు లేకుండా ఈ సంగతి రాయుచున్నాము.

గద్దించవలెననే తలంపుతోనే శనివారము రాత్రి వారి ఇంటికి వెళ్ళాము. ఆ పిల్లవాడు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని ఉన్నాడు. అది ఫ్లైట్ సిమ్యులేటర్. విమానము నడుపుట ఇంట్లోనే అభ్యాసము చేసే కంప్యూటర్ ఆట. మైక్రోసాఫ్ట్ సంస్థ 1982లోనే ఇటువంటిది విడుదల చేసినది. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా దేశదేశాలవారు ఒకేసారి కలిసి ఎగురుతారు. 2001లో ఏర్పడిన వాట్‌సిమ్ వంటి వేదికలలో కంట్రోల్ టవర్ పని చేసేవారు కూడా జీతము లేని స్వచ్ఛంద సేవకులే.

ఆ రాత్రి పదిమంది దాకా కలిసి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుండి దక్షిణ ధ్రువ ఖండమైన అంటార్కిటికాలోని మెక్‌మర్డోకు బయలుదేరారు. దాదాపు 3,800 కిలోమీటర్ల దూరము, అంతా సముద్రము, మంచు. అక్కడి రన్‌వే సిమెంటుది కాదు, గట్టిగా అణగదొక్కిన మంచుది. జెట్ విమానానికి అయిదు గంటల ప్రయాణము. మన దేశపు మైత్రి, భారతి కేంద్రాలు కూడా ఆ ఖండములోనే, వేరొక తీరమున ఉన్నవి.

పిల్లవాడు మాకు ఓపికగా వివరించాడు. “అయ్యగారూ, నిజంగ పోయే విమానాలకు దారి మధ్యల ఒక గీత ఉంటది. అది దాటితే వెనుకకు తిరిగి వచ్చేటంత ఇంధనం ఉండదు. గీత దాటకముందే అక్కడి వాతావరణం అడుగుతరు. బాగలేకుంటే వెనుకకు మళ్ళుతరు.” అయస్కాంత ధ్రువము ఆ వైపే ఉన్నందున దిక్సూచి ముల్లును కూడా నమ్మరాదట.

రెండు గంటలు దాటిన తరువాత మబ్బులలో మా పిల్లవాడు గుంపుకు దూరమయ్యాడు. మేము గమనించినది ఇక్కడనే. ముందు పోయేవారిలో ఒకరు వేగము తగ్గించుకొని, అతడు ఎక్కడున్నాడో అడిగి, అంకెలు ఒక్కొక్కటిగా చెప్పి దారిలోకి తెచ్చారు. ముఖము కూడా చూడని మనుష్యులు! మూడు నెలలుగా ఈ పిల్లవాడు మందిరములో కనబడకపోతే మాలో ఎవరము వెనుకకు తిరిగి అడిగాము? గద్దించుటకు వెళ్ళిన మాకే గద్దింపు కలిగినది.

అప్పుడు అతడు ఎరెబస్ సంగతి చెప్పాడు. 1979 నవంబరు 28న ఎయిర్ న్యూజిలాండ్ విమానము ఒకటి యాత్రికులను అంటార్కిటికా చూపించుటకు తీసుకొనిపోయి, 3,794 మీటర్ల ఎరెబస్ పర్వతపు వాలును ఢీకొన్నది. 257 మందీ మరణించారు. ముందటి రాత్రి విమానపు దారి అంకెలు మార్చబడినవి. ఆ సంగతి పైలట్లకు ఎవరూ చెప్పలేదు. సముద్రము మీద పోవుచున్నామని వారనుకున్నారు. పైన తెల్లని మబ్బు, కింద తెల్లని మంచు ఒకటిగా కలిసిపోయి, ఎదుటనున్న పర్వతము కంటికి కనబడలేదు.

“ఒక్క మాట చెప్పిఉంటే బతికేటోళ్ళు” అని పిల్లవాడు ఆగిపోయాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తండ్రి వైపు చూడకుండానే, “బాపూ, నా ఇంజనీరింగ్ పూర్తి కాలేదు. రెండు సబ్జెక్టులు మిగిలినయి. సంవత్సరమాయె. నీకు చెప్పలే” అన్నాడు.

ఆ తండ్రి కొడుకు చదువు కొరకు అప్పు చేశారు. మా కొడుకు ఇంజనీరని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన కోపపడతారేమోనని మేము మనస్సులోనే ప్రార్థించుచున్నాము. ఆయన కొంతసేపు తల వంచుకొని, “గింత మాట ఒక్కనివే మోస్తివా బిడ్డా! రాసుకుందువు తీయి” అన్నారు. తరువాత, “చిన్నప్పుడు మామునూరుల విమానం దిగుతుంటే చూడనీకె నడుచుకుంట పోయేటోన్ని. నీదెట్ల దిగుతదో చూపియ్యి” అంటూ కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. తెల్లవారుజామున మూడు గంటలకు విమానము మంచు మీద దిగే వరకు తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. మేము నిద్రపోతిమని ఒప్పుకొనుచున్నాము.

ప్రియులారా, మన ఇండ్లలో ఎన్ని దారులు చెప్పకుండా మారిపోవుచున్నవి! పిల్లలు భయపడి చెప్పరు. అప్పుల సంగతి తండ్రులు చెప్పరు. తల్లికి ఇద్దరి బాధా తెలిసియుండి కూడా మాట్లాడదు. పైకి అంతా తెల్లగా, నెమ్మదిగా కనబడుతుంది. పర్వతము ఎదుటనే ఉంటుంది.

లూకా సువార్త 15వ అధ్యాయములోని తండ్రిని జ్ఞాపకము చేసుకొనండి. దూరదేశము పోయిన కుమారుడు సిద్ధపరచుకొన్న మాటలు ముగించకముందే ఆ తండ్రి అతనిని కౌగిలించుకొన్నాడు. విమానానికి తిరిగిరాలేని గీత ఉన్నది గాని, దేవుని కృపకు అటువంటి గీత లేదు. మన ఇంటి గుమ్మానికి కూడా ఉండరాదు.

ఆటకు హద్దు ఉండవలెను, ఆరాధన దినమును గౌరవించవలెను. అది కూడా ఆ పిల్లవానితో చెప్పాము. ఇప్పుడు గుంపు ప్రయాణాలకు నెలకొకసారే పోవుచున్నాడు. ఒక సబ్జెక్టు రాసినాడు, ఇంకొకటి మిగిలియున్నది. ప్రార్థించండి.

ఈ నెల కుటుంబ ప్రార్థనకు: ఒక సాయంత్రము టీవీ, ఫోను ఆపి అందరూ కలిసి కూర్చొనండి. చెప్పలేకపోయిన మాట ఒకటి ఒకరికొకరు చెప్పుకొనండి. వినేవారు వెంటనే తీర్పు తీర్చకుండా, ముందు చేయి పట్టుకొని ప్రార్థించండి. మందిరానికి రావడము మానిన ఒక యౌవనస్థుని ఇంటికి ఈ వారమే వెళ్ళండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమేన్.