ఐదుగురు పిల్లలుంటే చాలు

మా ఇంటి వెనక గల్లీలో ఒక గదిలో కుట్టుమిషను ఉంది. మిషను కాలికి పాత చున్నీ ఒకటి ముడేసి ఉంటుంది. రెండో కొస పద్నాలుగు నెలల పాప నడుముకి. పాప బారెడు దూరం పాకుతుంది, చున్నీ బిగుసుకోగానే వెనక్కి తిరుగుతుంది. ఆ బారెడు అవతల కత్తెర, వేడి ఇస్త్రీపెట్టె, గుమ్మం దిగితే మురికికాలువ. తల్లికి ఇరవై రెండేళ్లుంటాయి. ఓస్తాగర్ దగ్గర నుంచి కత్తిరించిన ముక్కలు తెచ్చుకుని చిన్నపిల్లల ఫ్రాకులు కుడుతుంది. బట్టల పని పంచిపెట్టే దర్జీ యజమానిని మా పక్కనే ఉన్న మటియాబురుజ్‌లో ఓస్తాగర్ అంటారు. కూలి డజను లెక్క. ఎందుకమ్మా ఇలా కట్టావని మొదటిసారి అడిగినప్పుడు ఆమె తల ఎత్తకుండానే, "ఖాలా, కట్టకపోతే డజను పూర్తి కాదు" అంది.

నేను పుట్టి పెరిగింది కలకత్తాలోని ఈ గార్డెన్ రీచ్‌లోనే. శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్న రైల్వే ఉద్యోగానికి కలకత్తా వచ్చారు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి చాలామంది అలాగే వచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే హుగ్లీ ఒడ్డున ఉండేది, 1955 తర్వాత అదే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమైంది. నదికి ఈ పక్కనే ఓడలు కట్టే గార్డెన్ రీచ్ షిప్‌యార్డు. ఇంకొంచెం ముందుకెళ్తే మటియాబురుజ్, 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడ్డ చోటు. ఇప్పుడు అక్కడ ఇంటింటా మిషన్లు. మన ఊళ్ల సంతల్లో, బట్టల కొట్లలో వేలాడే పిల్లల గౌన్లలో కొన్ని ఈ గల్లీల్లో కుట్టినవే అయ్యుండొచ్చు.

1984లో నాకు ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. 1991లో మా అబ్బాయి పుట్టాడు. అప్పటి నిబంధనల ప్రకారం ప్రసూతి సెలవు 90 రోజులు. మూడు నెలల పసివాడిని ఎవరి చేతుల్లో పెట్టాలో తెలియక, పలాసలో ఉన్న మా అత్తగారికి ఉత్తరం రాశాం. ఆవిడ నాలుగో రోజుకి రైలు దిగారు.

అత్తగారు పలాసలో జీడిపప్పు పని చేసేవారు. జీడిపిక్కల రసం తగిలి తగిలి పదివేళ్లూ నల్లబడిపోయి ఉండేవి. ఆ చేతులతోనే పిల్లవాడికి నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి స్నానం చేయించేవారు. వాడు నడిచి, మాటలు నేర్చి, బడికి వెళ్లేదాకా మూడేళ్లకు పైగా మాతోనే ఉన్నారు. మొదటి ఏడాది తిరిగేసరికే వేళ్ల నలుపు పోయింది. చేతులు ఎంత బాగున్నాయో చూడమని నేనే మురిసిపోయి చెప్పాను. ఆ మూడేళ్ల కూలి పోయిందనీ, పలాసలో వేస్తున్న చీటీ మధ్యలో ఆపేశారనీ, ఆ డబ్బు ఇంటి కప్పు కోసం దాచుకున్నదనీ ఆవిడ పోయాక మా ఆడపడుచు చెబితే తెలిసింది. ఆవిడ నోరు విప్పి ఒక్కసారీ చెప్పలేదు. నేనూ అడగలేదు. నా జీతం నిలబడింది, ఆవిడ కూలి పోయింది. మా ఇంట్లో పిల్లవాడి పెంపకానికి అయిన ఖర్చు అది. నానమ్మ చూసుకుంటోంది, ఖర్చేముంది అనేవాళ్లకు ఈ లెక్క చెబుతుంటాను.

సెలవు నిబంధనలు మెల్లగా మారాయి. 90 రోజులు 1997లో 135 అయ్యాయి, 2008లో 180. అదే 2008లో కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే ఆడవాళ్లకు పిల్లల సంరక్షణ సెలవు 730 రోజులు ఇచ్చారు. చాలా మంచి పని. అప్పటికి మా అబ్బాయికి పదిహేడేళ్లు. నాకు అవసరమైనప్పుడు అందకపోయినా నా తర్వాత వచ్చిన అమ్మాయిలకు అందినందుకు నిజంగా సంతోషించాను. కానీ ఇదంతా నెల జీతం, సర్వీసు పుస్తకం ఉన్నవాళ్ల సంగతి. మిషను ముందు కూర్చున్న పిల్లకు సెలవు ఎవరిస్తారు? ఏ రోజు కుట్టకపోతే ఆ రోజు కూలి లేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, తర్వాతి సవరణతో, ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు క్రెష్, అంటే పిల్లలను చూసుకునే గది, ఉండాలంది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ రాశారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే 50. మటియాబురుజ్ వెళ్లి చూడండి. ఒక్క కప్పు కింద 50 మంది ఎక్కడ కనిపిస్తారు? వేల మంది పనిచేస్తారు, అయితే ఈ గదిలో ముగ్గురు, ఆ మేడ మీద ఐదుగురు, ఇంట్లో ఒక్కర్తె. ఒకే వ్యాపారానికి, ఒకే సంతకు కుడుతున్నా చట్టం కంటికి వాళ్లు ఆనరు. పైగా క్రెష్ ఖర్చు మొత్తం యజమాని నెత్తిన పెట్టి ప్రభుత్వం పక్కకు తప్పుకుంది. దానివల్ల పెళ్లయిన చిన్న వయసు అమ్మాయిని పనిలో పెట్టుకోవడానికే యజమాని వెనకాడతాడు.

మా కోడలిది ఇంకో రకం కథ. సాల్ట్ లేక్‌లో ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తుంది. అక్కడున్నది పద్దెనిమిది మంది. మనవడికి రెండేళ్లు. నాకు మోకాళ్లు పట్టేశాయి, పరిగెత్తే పిల్లవాడి వెనక పడలేను. అందుకని డే కేర్‌లో వేశారు. నెలకు ఏడు వేలు. సాయంత్రం ఆరున్నర దాటితే అరగంటకు వంద అదనం. ఇంటికి వచ్చే దారిలో ఖిదిర్‌పూర్ దగ్గర డాక్‌లోకి ఓడ వస్తున్నప్పుడు వంతెన పైకి లేస్తుంది, ఇటు బండ్లు ఇటే, అటు బండ్లు అటే. బస్సులో నిలబడి కోడలు నాకు ఫోను చేస్తుంది: "అత్తయ్యా, బ్రిడ్జి లేచింది." అంటే ఇక నేను కర్ర పట్టుకుని డే కేర్‌కి బయలుదేరాలి. ఒక్కోసారి నేను చేరేసరికి మిగతా పిల్లలంతా వెళ్లిపోయి, వీడొక్కడే చెప్పులు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని గుమ్మం వైపే చూస్తూ కూర్చుని ఉంటాడు.

ఏడు వేలు కట్టగలిగేవాళ్లు కడుతున్నారు. కట్టలేనివాళ్లకు ప్రభుత్వం ఇస్తున్నదేమిటి? బెంగాల్‌లో 2021లో లక్ష్మీర్ భండార్ పెట్టారు. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని నెలకు వెయ్యి, ఎస్సీ, ఎస్టీ ఆడవాళ్లకు 1200 చేశారు. ఆ డబ్బు ఆడవాళ్ల చేతికి రావడం నేను కళ్లారా చూశాను, దాన్ని చిన్నచూపు చూడను. మన ఆంధ్రలో 2020లో అమ్మ ఒడి వచ్చింది, 2025లో తల్లికి వందనం. ఏటా పిల్లకు పదిహేను వేలని చెప్పి, బడి నిర్వహణకు రెండు వేలు మినహాయించి పదమూడు వేలు తల్లి ఖాతాలో వేశారు. అయితే అది ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా. బడికి పోయే పిల్లకు పగలు బడే నీడ. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ఉన్న పిల్లలు, అంటే తల్లి పనికి నిజంగా అడ్డుపడే వయసు పిల్లలు, ఆ లెక్కలోకి రారు.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. మా గల్లీ చివర ఉంది, ఇక్కడ ఐసీడీఎస్ ఇస్కూల్ అంటారు. పొద్దున కొన్ని గంటలు నడుస్తుంది. ఖిచుడీ, గుడ్డు పెడతారు. చాలామంది తల్లులు గిన్నె తెచ్చి పట్టుకుపోతారు. తిండి అందుతోంది, అది చిన్న విషయం కాదు. కానీ మధ్యాహ్నానికల్లా తలుపు మూసేస్తే పాప మళ్లీ మిషను కాలి దగ్గరికే వస్తుంది.

దీనికి మందు కేంద్ర ప్రభుత్వానికి తెలుసు. 2022లో మిషన్ శక్తి కింద పాల్నా అనే పథకం రాశారు. అంగన్‌వాడీకే క్రెష్ జోడించి రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు పిల్లలను చూసుకోవాలన్నారు. చదివినప్పుడు ప్రాణం లేచొచ్చింది. పెట్టుకున్న లక్ష్యం 17 వేలు. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. నూటికి ఒకటి చొప్పున పెడితే మిగతా తొంభై తొమ్మిది గల్లీల మాటేమిటి?

డబ్బెక్కడిదని అడిగేవాళ్లకు కెనడా సంగతి చెబుతాను. అక్కడి క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకు ఐదు డాలర్లకే పిల్లలను చూసుకునే ఏర్పాటు మొదలుపెట్టింది, మిగతా ఖర్చు ప్రభుత్వానిది. ఉద్యోగాల్లో తల్లుల సంఖ్య బాగా పెరిగింది. 2021లో దేశం మొత్తానికి రోజుకు పది డాలర్ల పథకం ప్రకటించారు. చోటు చాలక పేర్లు రాసుకుని ఎదురుచూడాల్సి రావడం కూడా అక్కడ ఉంది, కాబట్టి డబ్బుతోపాటు పిల్లల కేంద్రాలూ పెరగాలి. ఇక పక్కనే అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లు చూడండి. డే కేర్ ఖర్చు భరించలేక ఆరు నెలలు అమ్మాయి అమ్మానాన్నలు, ఆ తర్వాత ఆరు నెలలు అబ్బాయి అమ్మానాన్నలు విమానం ఎక్కుతున్నారు. మా చెల్లెలు అలా రెండుసార్లు న్యూజెర్సీ వెళ్లొచ్చింది. పలాస నుంచి మా అత్తగారు ఎక్కిన రైలుకీ ఈ విమానానికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

నాకు దారి చూపించింది మాత్రం మన దేశపు చట్టమే. 2005 ఉపాధి హామీ చట్టంలో ఒక మాట రాశారు. పని జరిగే చోటికి ఆడవాళ్ల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, ఆ ఆడవాళ్లలోనే ఒకర్ని పిల్లలను చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకూ మిగతా వాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని. ఎన్ని చోట్ల సరిగ్గా అమలు చేశారన్నది వేరే సంగతి. కానీ ఆ మాట రాసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. పనివాళ్లు ఎందరని కాకుండా పిల్లలు ఎందరని అడిగిన చట్టం అది. పిల్లను చూసుకోవడం కూడా పనే, దానికీ కూలి ఉందని కాగితం మీద ఒప్పుకున్న చట్టం అది. మట్టి తవ్వే చోట చెల్లిన మాట బట్టలు కుట్టే గల్లీలో ఎందుకు చెల్లదు?

నేను అడిగేది అదే. గల్లీలో ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉన్నారా, అక్కడ ఒక గది, ఇద్దరు ఆడవాళ్లు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా. తల్లిది నెల జీతమా, కూలా, ఇంట్లో కుడుతోందా అని అడగొద్దు. అద్దె, పాలు, ఆ ఇద్దరి జీతం ప్రభుత్వం నేరుగా ఆ పిల్లల కేంద్రానికి ఇవ్వాలి. తల్లి ఖాతాలో నగదు వేస్తే సరిపోదా అంటే, సరిపోదనే నా ఉద్దేశం. ఇంట్లో జ్వరం, అద్దె బాకీ ఉన్నప్పుడు ఆ డబ్బు అటే పోతుంది, పోవాలి కూడా. బిడ్డను చూసుకునే చేతుల కోసం ఇచ్చే డబ్బు ఆ చేతులకే అందాలి. చూసుకునే ఆడవాళ్లకు గౌరవ వేతనం అని పేరు పెట్టి నాలుగు రాళ్లు విదిలించవద్దు, కనీస వేతనం ఇవ్వండి.

పండగ సీజను ముందు నెలల్లో మటియాబురుజ్‌లో రాత్రి రెండింటి దాకా మిషన్లు మోగుతాయి. ఆ చప్పుడులోనే ఆ పాప నిద్రపోతుంది, నడుముకి చున్నీతోనే. కొన్నాళ్లుగా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పాపను మా ఇంట్లో ఉంచుకుంటున్నాను. రెండు గంటలు మించి నా మోకాళ్లు ఒప్పుకోవు. ఆ రెండు గంటల్లో అరడజను ఫ్రాకులు ఎక్కువ కుట్టానని తల్లి చెప్పింది.

ఈ పత్రిక చదివే మీరు శ్రీకాకుళంలో ఉన్నా, సిరిసిల్లలో ఉన్నా ఒక పని చేయండి. మీ వీధి అంగన్‌వాడీ తలుపు ఎన్నింటికి మూస్తున్నారో చూడండి. మీ వీధిలో పనికి వెళ్లే తల్లులు ఎన్నింటికి ఇల్లు చేరుతున్నారో అడగండి. ఆ రెండు వేళలూ ఒక కాగితం మీద రాసి, కింద ఆ వీధిలో ఆరేళ్లలోపు పిల్లలు ఎందరున్నారో వేసి, మీ ఎమ్మెల్యే చేతికి ఇవ్వండి.