దవడ ఎముక పూర్వకథ

మనిషి అన్నం నమిలేటప్పుడు కదిలేది కింది దవడ ఒక్కటే. ఆ ఎముక వంశవృక్షాన్ని వెదుకుతూ పోయిన శాస్త్రజ్ఞులు నైరుతి చైనాలో, యున్నాన్ రాష్ట్రపు ఛూజింగ్ ప్రాంతంలో, రాతిలో నిద్రిస్తున్న ఒక చేప ముందు ఆగవలసివచ్చింది. దాని పొడవు జానెడు. వయస్సు సుమారు 41 కోట్ల 90 లక్షల సంవత్సరాలు.

అది తారుమారు చేసిన పాత అభిప్రాయమేమిటో ముందుగా చెప్పుకోవాలి. సొరచేప అస్థిపంజరమంతా మృదులాస్థి. మన చెవి డొప్పలో చేతికి తగిలే మెత్తని పదార్థం వంటిదే. దవడలు గల ప్రాణులన్నిటికీ మూలపురుషుడు కూడా ఇంచుమించు సొరచేప వంటివాడేననీ, ముఖాన పెద్ద ఎముకలు, లోపల గట్టి అస్థిపంజరం ఆ తరువాత ఎముక చేపల శాఖలో కొత్తగా ఏర్పడినవనీ చాలాకాలం పాటు పలువురు విశ్వసించారు. తలనూ, రొమ్మునూ ఎముక పలకలతో కప్పుకొని తిరిగిన ప్రాచీన 'కవచ మత్స్యాలు' వారి దృష్టిలో వారసులు లేకుండా అంతరించిన పక్క కొమ్మ మాత్రమే.

2013లో ఝూ మిన్, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో వర్ణించిన ఈ ఛూజింగ్ చేప పేరు ఎంటెలోనాథస్. 'సంపూర్ణమైన దవడ' అని దాని అర్థం. ఒడలు చూస్తే అచ్చమైన కవచ మత్స్యం. కాని నోటి అంచున, పై దవడలోనూ కింది దవడలోనూ ఉన్నవి ఎముక చేపలకూ, కప్పలకూ, పక్షులకూ, మనకూ ఉన్న ఎముకలే! వారసులు లేరనుకున్న కొమ్మ మీదనే మన ముఖానికి తొలి రూపురేఖలు దిద్దుకున్నవన్నమాట.

2020లో మరొక సాక్ష్యం వెలువడినది. మంగోలియాలో దొరికిన, దాదాపు 41 కోట్ల ఏళ్లనాటి మింజినియా అనే కవచ మత్స్యపు కపాలాన్ని ఎక్స్‌రే స్కానింగుతో పరీక్షించగా, లోపల స్పాంజివలె అల్లుకున్న ఎముక కనిపించినది. మన ఎముకల అంతర్భాగాన ఉన్నదీ ఆ విధమైన అల్లికే. అది ఎముక చేపలతోనే పుట్టిన విశేషమని అంతవరకూ పాఠ్యగ్రంథాలు చెప్పుతూవచ్చినవి.

ఈ రెండు శిలాజాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కథ తలకిందులవుతున్నది. ఎముక సంపాదించడానికి ముందు దశలో ఆగిపోయిన ప్రాణి కాదు సొరచేప. దాని పూర్వీకులకు ఎముక ఉండేదనీ, తరువాత ఎప్పుడో అది పోయినదనీ ఇవి సూచిస్తున్నవి. ఎముక కంటే మృదులాస్థి తేలిక గనుక నీటిలో ఈదే జీవికి ఆ నష్టమే లాభించి ఉండవచ్చునని కొందరి ఊహ.

పరిణామ సోపానంలో సొరచేపను కింది మెట్టు మీద, మనిషిని పై మెట్టు మీద కూర్చోబెట్టడం మనకు అలవాటు. కాని దవడ ఎముక విషయంలో పాత సొత్తును విడవకుండా దాచుకున్నది మనమే, మారినది సొరచేప.