మిర్చి పోయిన ఏడు మిడతను బాగు చేసుకున్నా

ఇయ్యాల మందుల పేర్లు, యార్డు రేట్లు ఏం లేవు. నా బొమ్మకారు ముచ్చట రాస్తున్నా. మొన్న టీ కొట్టు కాడ ఒక పెద్దాయన పదిమందిలో అననే అన్నడు: "యాభై దాటినోడివి, అప్పులున్నోడివి, నాలుగు వేలు పెట్టి పోరగాళ్ల కారు బాగు చేసుకుంటవారా?" అని. అక్కడ నవ్వి ఊరుకున్నా. నాకు మాట టైముకు రాదు, రాత్రి పండుకున్నాక వస్తది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

2022 సంక్రాంతి ముందర మన మిర్చి సంగతి మీకు చెప్పక్కర్లేదు. నల్ల తామర పురుగు ఏడు అది. పువ్వు విప్పితే లోపల నల్లగా కదిలేవి, తెల్లారేసరికి పూత కింద రాలి ఉండేది. నావి రెండెకరాలు తేజ. పద్నాలుగు సార్లు కొట్టా. ఒకరు చెప్పిన మందు ఒకరోజు, ఇంకొకరు చెప్పింది మూడోరోజు. చివరికి చెట్టు పచ్చగానే ఉంది, కాయ లేదు. రాత్రి నిద్ర పట్టేది కాదు. చేను కాడికి పోబుద్ధి కాదు, ఇంట్లో కూసోబుద్ధి కాదు.

ఆ టైములో ఖమ్మంలో మా అక్క వాళ్ల పాత ఇల్లు పడగొడుతుంటే సామాను దించడానికి పోయినా. అటక మీద ఒక అట్టపెట్టె. మా బావ తమ్ముడు ఎప్పుడో 90ల్లో అమెరికా నుంచి పిలగాళ్లకు తెచ్చిన రిమోట్ కారు. పిలగాళ్లు పెద్దోళ్లయి వాళ్లకే పిల్లలు పుట్టిన్రు, కారు మాత్రం అక్కడే ఉంది. పాత ఇనుప సామాను బండికి వేస్తుంటే "ఆగండి, నాకియ్యండి" అన్నా. ఎందుకన్ననో నాకే తెల్వదు.

పెట్టె మీద పేరు చదివి నవ్వొచ్చింది. గ్రాస్‌హాపర్. అంటే మిడత. పురుగు పంటంతా తిన్న ఏడు, ఇంకో పురుగును చంకన పెట్టుకొని బస్సెక్కినా.

ఇది జపాన్‌ల టామియా కంపెనీ 1984లో తీసిన కారు. ఆ కంపెనీ కథ కూడా మనసున పట్టేదే. 1946లో షిజువొకా అనే ఊర్లో కలప మిల్లుగా మొదలైంది. 1951లో అగ్గి పడి కలపంతా కాలిపోతే, చెక్కతో చిన్న చిన్న నమూనా బొమ్మలు చేసి అమ్ముకుంటూ నిలదొక్కుకున్నరు. తర్వాత ప్లాస్టిక్‌లోకి పోయిన్రు, 1976లో మొదటి రిమోట్ కారు తీసిన్రు. ఈ మిడతను మళ్లీ 2005లో కొత్తగా విడుదల చేసిన్రు, కాబట్టి సామాను ఇప్పటికీ దొరుకుతది. ఇది రెడీమేడ్ బొమ్మ కాదు. ముక్కలు ముక్కలుగా వస్తది, మనమే బిగించుకోవాలె. బిగించింది కాబట్టి విప్పొచ్చు. ఇప్పుడొచ్చే బొమ్మలు, బొమ్మలేంది, ఫోన్లు కూడా విప్పితే మళ్లీ అతకవు.

ఇంటర్ అయినంక కొత్తగూడెంలో ఒక రేడియో రిపేరు షాపులో ఏడాదిన్నర కూసున్నా. ఆ చేతివాటం ఎక్కడికి పోతది? వాకిట్లో పట్టా పరిచి మొత్తం విప్పా.

బ్యాటరీ లోపల తెల్లటి పొడి కక్కి ఉంది. అది పాత నికెల్ కాడ్మియం రకం, 1.2 ఓల్టుల సెల్లులు ఆరు కలిపి 7.2 ఓల్టులు. దాన్ని వట్టి చేత్తో ముట్టుకోవద్దు. పొడి అంటిన వైరు కొసలు కత్తిరించేసినా. స్పీడు తగ్గించి పెంచే పనికి దీంట్లో ఎలక్ట్రానిక్ బోర్డు లేదు. ఒక చిన్న మోటారు రేకును జరుపుతది, ఆ రేకు రాగి బిళ్లల మీద రాసుకుంటూ పోతది, మధ్యలో వేడెక్కే రెసిస్టర్ ఒకటి. అంతే. బిళ్లలు నల్లగా కాలిపోయినయ్. సన్న గరుకు కాగితంతో రుద్దితే మెరిసినయ్. అయినా బండి తనంతట తాను వణికేది. రిమోట్ ముట్టుకోకున్నా చక్రాలు అటూ ఇటూ కొట్టుకునేయి. నాలుగు రాత్రులు పట్టింది నాకు అది దొరకడానికి. మోటారు మీద ఉండాల్సిన చిన్న కెపాసిటర్లు ఊడిపోయినయ్. మోటారు లోపల రేగే నిప్పురవ్వల గోల రిసీవర్‌లోకి పోతుంది. పాత ట్రాన్సిస్టర్ బోర్డు నుంచి 0.1 మైక్రోఫారడ్‌వి పీకి టంకం పెట్టా. వణుకు ఆగింది.

ఇంకో చిన్న ముచ్చట, రేడియో తెలిసినోళ్లకు. ఇది 27 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తది. రిమోట్‌లో ఒక క్రిస్టల్, బండిలో ఒక క్రిస్టల్. రెండిటికీ తేడా 455 కిలోహెర్ట్జ్. మన పాత మీడియం వేవ్ రేడియోల లోపల వాడే నంబరు అదే! ముప్పై ఏళ్లకు ఆ నంబరు కనపడేసరికి పాత దోస్తు బజార్ల ఎదురైనట్టు అయింది.

టైర్లు పగిలిపోయినయ్. హైదరాబాద్‌లో చదివే మేనల్లుడితో కొత్తవి తెప్పించా, బ్యాటరీ, చార్జరు కూడా. మొత్తం 4,200. యూరియా లెక్కన దాదాపు పదహారు బస్తాలు. పెద్దాయన మాటలో న్యాయం లేదని అనను. ఒక తప్పు కూడా ఒప్పుకుంటా, ఆ డబ్బులు ఇంట్లో చెప్పకుండా పంపా. తెలిసినంక మా ఇంటామె రెండు రోజులు మాట్లాడలే. కారు ఖర్చుకు కాదు, దాచినందుకు.

అయితే ఆ పద్నాలుగు సార్ల మందుల ఖర్చు ముందు ఈ 4,200 ఎంత? ఆ డబ్బుకు ఎవ్వరూ నన్ను టీ కొట్టు కాడ నిలదీయలే. పైగా "ఇంకోసారి కొట్టి చూడు" అన్నరు. నెలంతా సాయంత్రం సీసా పట్టుకున్నోణ్ని "పాపం, పంట పోయింది" అంటరు. స్క్రూడ్రైవర్ పట్టుకున్నోడికి మాత్రం లెక్క అడుగుతరు. ఇదేం న్యాయమో నాకర్థం కాదు.

చేనుల ఎంత చేసినా ఫలితం మన చేతుల లేదు. వాన, పురుగు, రేటు, మూడూ మన మాట వినవు. ఇక్కడ తప్పు ఎక్కడుందో వెతికితే దొరుకుతది. దొరికిందాన్ని సరిచేస్తే బండి కదులుతది. నాకు ఆ ఏడు అట్లాంటిది ఒక్కటన్నా కావాల్సి వచ్చింది. అప్పు తీరలే, మిర్చి తిరిగి రాలే. నిద్ర మాత్రం పట్టింది. నాలుగో రాత్రి వణుకు ఆగినప్పుడు టైము చూస్తే రెండున్నర. రెండు నెలల్లో మొదటిసారి అప్పు గుర్తుకు రాకుండా రెండున్నర అయింది.

పనికొచ్చే ముచ్చట కూడా ఉంది. బ్యాటరీ స్ప్రేయర్ స్విచ్ వేస్తే ఉలకదు పలకదు, "మోటారు పోయింది" అని కొత్తది కొంటున్రు. ముందు ఫ్యూజు చూడండి. తర్వాత పంపు తల మీద ప్రెషర్ స్విచ్ ఉంటది, దాని లోపల పాయింట్లు ఈ కారు బిళ్లల లెక్కనే నల్లబడతయ్. బ్యాటరీ వైరు తీసి, చేతులకు తొడుగులు వేసుకొని, మందు అంతా కడిగినంకనే విప్పండి. మా వాడలో ఇప్పటికి ఏడు స్ప్రేయర్లు అట్లా లేచినయ్. డబ్బులు తీసుకోలే. (ఒకాయన నాటుకోడి ఇచ్చిండు, అది వద్దనలే.)

మేనల్లుడు ఇప్పుడు ఒకటే పోరు: "మామా, చిన్న మోటారు తీసేసి 540 పెడదాం, లిథియం బ్యాటరీ పెడదాం, ఉరుకుతది" అని. నేను పెట్టనిస్తలేను. గేర్లు నలభై ఏళ్ల నాటి డిజైన్, ప్లాస్టిక్. పైగా ఈ పాత స్పీడు కంట్రోలుకు లిథియం బ్యాటరీని టైముకు ఆపే తెలివి లేదు. మరీ కిందికి దిగేదాకా వాడి మళ్లీ చార్జింగ్ పెడితే నిప్పంటుకునే ప్రమాదం. అట్లని అద్దాల బీరువాలో పెట్టుడు కూడా నాకు నచ్చదు. ఎద్దును కొట్టంలో కట్టేసి చూసుకుంటూ కూసుంటమా? తిప్పాలె. గీతలు పడనీ, బురద అంటనీ.

మిర్చి ఆరబోసిన కల్లం ఖాళీ అయినంక ఆదివారం మాపటేళ తిప్పుతా. వెనక చక్రాలు, గేరు పెట్టె అంతా ఒక్కటే ముక్కగా స్ప్రింగుల మీద ఊగుతది, అందుకే మట్టిగడ్డ తగిలితే నిజంగా మిడత లెక్కనే ఎగురుతది. కుక్కలు దాని వెంట, పోరగాళ్లు కుక్కల వెంట. మొన్న రిమోట్ అడిగి తీసుకున్నోళ్లలో టీ కొట్టు పెద్దాయన మనవడు ఉన్నడు. గట్టున చెప్పులిడిసి కూసున్నది ఎవరో నేను చెప్పను.

ఇప్పుడు బండిలో క్రిస్టల్ అప్పుడప్పుడు మొరాయిస్తుంది. 27 మెగాహెర్ట్జ్ జత కావాలె. మీ ఇళ్లల్లో, పట్నం చుట్టాల అటకల మీద పాత రిమోట్ కార్లు, చెడినవైనా సరే, ఉంటే బండికి వేయకండి. కింద కామెంట్‌లో రాయండి, నేనే వచ్చి తీసుకుంటా. వచ్చేటప్పుడు టంకం పెట్టే సామాను తెస్తా, మీ స్ప్రేయర్ కూడా కడిగి పెట్టుకోండి.