"వాళ్ళకి అలవాటేలే!"

గ్యాస్ బండ భుజాన వేసుకుని మా మూడో అంతస్తుకి వచ్చిన మనిషి, దింపీ దింపగానే మెట్ల మీద కూలబడి నడుం పట్టుకున్నాడు. మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్తే మావారు అన్న మాట ఇది. ఆయన్నని ఏం లాభం? ఇరవై ఏళ్ళుగా నేనూ అదే అన్నాను.

"డాక్టరు బరువులెత్తొద్దన్నాడమ్మా. ఎత్తకపోతే ఇల్లెట్లా గడుస్తుంది?" అని నవ్వేసి వెళ్ళిపోయాడతను.

బండ మీద అంకెలు చదివాను. గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ మరో పదిహేను పైచిలుకు. మొత్తం ముప్పై కిలోలు! ఇన్నాళ్ళూ ఆ అంకెలు చూసింది గ్యాసు తక్కువొచ్చిందేమోనన్న అనుమానంతోనే.

బరువు తగ్గించడం కుదరదంటారా? 2022 జులైలో 25 కిలోల వరకు ఉండే ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. చూస్తుండగానే కొట్లలోకి 26 కిలోల బస్తాలు దిగాయి. పన్ను కోసం కదిలిన తూకం మనిషి నడుం కోసం కదలదా? సిమెంటు బస్తా ఇప్పటికీ 50 కిలోలేగా!

ఒంటికి హాని చేసేంత బరువు ఎవరిచేతా మోయించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కానీ మన అపార్ట్‌మెంటు మెట్లు ఫ్యాక్టరీ కాదు కదా!

కింద పడి కాలు విరిగితే ప్రమాదమంటారు, తారీఖు వేస్తారు. రోజుకింత చొప్పున పదేళ్ళు అరిగిన వెన్నుకి ఏ తారీఖు వేస్తారు? తారీఖు లేని దెబ్బకి పరిహారం అడగడమెట్లా? చివరికి ఇంట్లోవాళ్ళు కూడా "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటారు.

రెక్కలు ముక్కలు చేసుకుని పిల్లల్ని పెంచాడని మెచ్చుకునే భాష మనది. ముక్కలైన ఆ రెక్కలు అతికేదెవరో మాత్రం ఎవరమూ అడగం. పైగా అతను మెట్లెక్కినందుకు ఇరవై రూపాయలు అడిగితే బిల్లు చూపించి వాదిస్తాం. నేనూ వాదించాను, సిగ్గుగా ఉంది.

మన వాదన ఏజెన్సీతో ఉండాలి. లిఫ్టు లేని చోటికి ఇద్దరిని పంపమని అడుగుదాం. అందాకా ఇంట్లో ఉన్న మగవాళ్ళు కిందికి దిగి ఓ చెయ్యి వేయొచ్చు. మావారికి చెప్పాను. వచ్చే నెల బండ వచ్చినప్పుడు చూడాలి.

నొప్పి అలవాటవుతుందేమో గానీ, నడుముకి బరువు అలవాటు కాదండీ.