ఎడమ కాలితో ఆడించి చూడండి

డిగ్రీ కాలేజీలో ఫుట్‌బాలర్ ఆయుష్షు మూడేళ్లు. ఫస్టియర్‌లో బెంచీ మీద కూర్చుంటాడు, సెకండియర్‌లో ఆడతాడు, ఫైనలియర్‌లో జట్టును మోసి, పరీక్షలు రాసి వెళ్లిపోతాడు. డిఫెన్స్‌లో ఒకడు తగ్గితే పక్కవాణ్ణి జరిపి నెట్టుకురావచ్చు. గోల్స్ కొట్టేవాడు వెళ్లిపోతే మాత్రం జట్టు చతికిలపడుతుంది. అందుకే హైదరాబాద్ పాతబస్తీ కాలేజీల్లో వచ్చే సీజన్ మాట ఎత్తితే ముందుగా అడగాల్సింది ఫార్వర్డ్ లైన్ గురించే.

పోయినేడు ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారన్న లెక్కతో ఈ ప్రశ్నను తేల్చేయడం నాకు నచ్చదు. ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్‌లో తొలి రౌండ్ ప్రత్యర్థి బలహీనంగా ఉంటే ఒకే కుర్రాడు నాలుగు గోల్స్ కొట్టేయవచ్చు. గట్టి జట్టు ఎదురైన రోజు అతనికి బంతే అందకపోవచ్చు. పైగా అతనికి బంతి అందించిన వింగర్ పేరు స్కోరులో ఎక్కడా కనిపించదు. ఆ వింగర్ ఫైనలియర్ పూర్తిచేసి వెళ్లిపోతే, మిగిలిన స్ట్రైకర్ గోల్స్ లెక్క ఎందుకు పనికొస్తుంది?

ఫార్వర్డ్‌ను ఎలా తూచాలో ఈ ఊరివాడే ఒకాయన ఎప్పుడో చూపించాడు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా జట్టుకు ఆడాడు. ఆ తర్వాత సిటీ కాలేజీ పాత, కొత్త విద్యార్థులు కలిసి నడిపిన ఎలెవెన్ హంటర్స్‌కు ఆడాడు. ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. కుర్రాళ్ల కోసం ఆయన పెట్టించిన పోటీలు నాకు ఆ కప్పుల కన్నా విలువైనవిగా కనిపిస్తాయి. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి వచ్చీ రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం కుర్రాడు ఎడమ కాలితో ఎంత ఆడగలడో, ఆపడానికి వీల్లేనప్పుడు బంతిని ఎటు పంపుతాడో అక్కడ తేలిపోతుంది. ఖర్చు లేని పరీక్ష ఇది, ఏ కాలేజీ అయినా పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి 1962 జకార్తా ఆసియా క్రీడలది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. భారత జట్టు కోచ్‌గా ఉన్న రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను మనం 2-1తో ఓడించినప్పుడు ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌ది. కాబట్టి ఫార్వర్డ్ కోసం వెతికేటప్పుడు వెనక ఆడే పొడగరి కుర్రాణ్ణి కూడా ఒకసారి ముందుకు పంపి చూడాలి.

ఆ 1962 జట్టులోనే సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన ఆటగాడు. ఆ తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్. కలకత్తా ఆయన్ను బడే మియాఁ అని నెత్తిన పెట్టుకుంది. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. ఆయన ఫార్వర్డే అయినా వెనక్కి వచ్చి బంతి లాక్కుని మళ్లీ ముందుకు పరుగెత్తేవాడు. గోల్స్ లెక్కలో కనిపించని ఈ చాకిరీయే నేను కాలేజీ ఫార్వర్డ్‌లో మొదట చూసేది. బంతి పోగొట్టుకున్నాక నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు ఎన్ని గోల్స్ కొట్టినా నా పదకొండు మందిలో ఉండడు.

డబ్బున్న క్లబ్బుల దారి వేరు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచినప్పుడు బార్తొలొమ్యూ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. కాలేజీకి ఒగ్బెచేని కొనే స్తోమత లేదు, చుట్టుపక్కల బస్తీల్లోంచే ఆటగాణ్ణి తెచ్చుకోవాలి. అలాంటి బస్తీ అయిన బార్కస్‌లో ఫుట్‌బాల్ ఇప్పటికీ ఇంటి ఆట. అక్కడ ఆడుతున్న ఇంటర్ కుర్రాడు రేపు ఏ కాలేజీలో చేరతాడన్నది డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో అతను పెట్టే వెబ్ ఆప్షన్ల మీద ఆధారపడి ఉంటుంది. సీట్లు ఆన్‌లైన్‌లో కేటాయిస్తున్న ఈ కాలంలో, క్లాసులు మొదలయ్యాక నోటీసు బోర్డులో సెలక్షన్స్ తేదీ అంటిస్తే మంచి వింగర్ అప్పటికే ఇంకో కాలేజీలో ఉంటాడు.

పాతబస్తీ కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లకు నా మనవి ఇది. ఇంటర్ పరీక్షలు కాగానే, వెబ్ ఆప్షన్లు తెరవకముందే, మీ దగ్గరున్న మైదానంలో రెండు రోజుల పోటీ పెట్టండి. ఒక రోజు డ్రిబ్లింగ్ లేకుండా, ఒక రోజు అలవాటు లేని కాలితో ఆడించండి. నచ్చిన కుర్రాడి ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడండి. ఏ కోర్సులో చేరవచ్చో, స్పోర్ట్స్ సర్టిఫికెట్లు ఏవి సిద్ధం చేసుకోవాలో మీరే చెప్పి, మీ కాలేజీ పేరును అతని మొదటి ఆప్షన్‌గా పెట్టించండి.