కారాగారము కూలిన చోట
1886లో నిర్మింపబడిన వరంగల్ కేంద్ర కారాగారమును 2021లో పడగొట్టి, ఆ నేలపై ఆసుపత్రి కట్ట సంకల్పించిరని వినినపుడు, దారితప్పిన పసివారికిని శిక్షకంటె చికిత్సయే తగునను తలంపు నా మనస్సున గాఢముగ నాటుకొన్నది. నిజమునకు 2015 నాటి బాలన్యాయ చట్టము చెప్పునదియు అదియే: ఒక న్యాయాధికారియు ఇద్దరు సామాజిక కార్యకర్తలును గల మండలి బాలుని మందలించి ఇంటికి పంపవచ్చును, సమాజసేవకు నియోగింపవచ్చును, యోగ్యుడైన పెద్ద పూచీపై విడువవచ్చును. కాని ఆ పూచీ పడు పెద్ద యెక్కడ? కాజీపేట స్టేషనులో, రైలాగినంతనే పెట్టెలోనికి దూరి ఖాళీ నీళ్ల సీసాలను గోనెసంచిలో నింపుకొను పదేండ్ల పిల్లవానిని మొన్న చూచితిని. కాళ్లకు చెప్పులు లేవు, సంచి వానికంటె పొడవు. ప్రయాణికులందరు తమ సామాను తడిమి చూచుకొనిరే కాని వాని ముఖము చూచినవారు లేరు. జనవరిలో ఆపరేషన్ స్మైల్ పేర, జులైలో ముస్కాన్ పేర పోలీసులు ఇట్టివారిని వెదకుచున్నారు, సంతోషము. తక్కిన పదినెలలు వాడు ఎవరివాడు? పింఛను పుచ్చుకొను పంతులుగాని, వీధిచివరి సైకిల్ దుకాణదారుగాని, మహిళా సంఘపు పెద్దమ్మగాని, వారమునకొక సాయంత్రము అట్టివానితో గడుపుటకును, కేసు వాయిదానాడు వాని ప్రక్కన నిలుచుటకును, వాడకట్టునకు ఒక్కరు చొప్పున ఈ ఏడే పేర్లు వ్రాయించుకొనవలెనని వేడుకొనుచున్నాను.